మోటార్ న్యూరాన్ వ్యాధి అనుమానంలో నరాల అల్ట్రాసౌండ్: ఉత్తర తెలంగాణ డాక్టర్ల కోసం సమగ్ర మార్గదర్శి

కండలను కదిలించే నాడీకణాలు చనిపోయే జబ్బు మోటార్ న్యూరాన్ వ్యాధి (ఎం.ఎన్.డి.). నరాల అల్ట్రాసౌండ్ ఒక్కదానితో దాన్ని ఖాయం చేయలేం. డాక్టర్ చేసే ఒంటి పరీక్ష, నెలల తరబడి జబ్బు నడిచే తీరు, కండలో సూది పెట్టి చేసే ఈ.ఎం.జి. పరీక్ష, ఇప్పటికీ ఈ మూడే దాన్ని తేలుస్తాయి. అయినా ఈ జబ్బు అనుమానం ఉన్న ప్రతి పేషెంట్‌కూ ప్రోబ్ పెట్టి చూడాల్సిందేనని నేను గట్టిగా అంటాను. ఎం.ఎన్.డి. అని రాసిన చీటీ పట్టుకొని వచ్చేవాళ్లలో కొందరికి ఉన్నది వేరే జబ్బు. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి (కదలిక నరాలు అక్కడక్కడా దెబ్బతినే జబ్బు) పైకి అచ్చం ఇలాగే ఉంటుంది. చేతి కండ కరుగుతుంది, పట్టు తప్పుతుంది, కండలు అదురుతాయి, తిమ్మిరి మాత్రం ఉండదు. దానికి ఇమ్యూనోగ్లోబ్యులిన్‌తో వైద్యం ఉంది. ఎం.ఎన్.డి.లో ఎక్కువగా కనిపించే రకం ఏ.ఎల్.ఎస్. (అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్)లోనేమో రిలుజోల్ ఇచ్చినా కలిసొచ్చేది కొద్ది నెలలే. ఈ రెండింటినీ విడదీసే గుర్తుల్లో ఒకటి మోచేతికి పైన, మెడ పక్కన, చర్మం కింద ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులో దొరుకుతుంది. అక్కడ నరం లావుగా ఉందా, లేదా అన్నది చూడాలి.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు పనిచేసే ఫిజీషియన్లు, న్యూరాలజీ పీజీలు, రేడియాలజిస్టులు, ఈ.ఎం.జి. టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. వరంగల్ నుంచి హైదరాబాద్ 150 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచైతే దానికి రెట్టింపు. నడవలేని మనిషిని ఒక్కో పరీక్ష కోసం అంత దూరం తిప్పడం ఇంటిల్లిపాదికీ నరకం. అల్ట్రాసౌండ్ మెషీన్ మాత్రం దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉంది. దాంతో ఏం చూడాలో తెలిస్తే చాలా పని ఇక్కడే అయిపోతుంది.

1. మెషీన్, గది, కాగితాలు

కాగితాల సంగతితో మొదలుపెడదాం. మీరు చూసేది నరమే అయినా, అల్ట్రాసౌండ్ మెషీన్ అనగానే కడుపులో బిడ్డ ఆడా మగా చూడటాన్ని అడ్డుకునే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం వర్తిస్తుంది. మెషీన్ రిజిస్టర్ అయి ఉండాలి, ఏ చోట వాడుతున్నారో ఆ చోటు కూడా రిజిస్టర్ అయి ఉండాలి. చేతిలో ఇమిడే పోర్టబుల్ మెషీన్‌కూ మినహాయింపు లేదు. ఈ.ఎం.జి. గదిలో వాడాలనుకుంటే జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ముందే అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కొందరు న్యూరాలజిస్టులు ఈ తలనొప్పి ఎందుకని అల్ట్రాసౌండ్ జోలికే పోరు. రేడియాలజీ విభాగంతో మాట్లాడుకొని వారానికి ఒక పూట వాళ్ల మెషీన్ మీదే చూసుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే తేలికైన దారి.

లీనియర్ ప్రోబ్ కావాలి. 12 నుంచి 18 మెగాహెర్ట్జ్ ఉంటే చేతి నరాలు చక్కగా కనిపిస్తాయి. మెడలో కొంచెం లోతుకు వెళ్లాలి కాబట్టి అవసరాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ తగ్గించండి. చేతికి 2, 3 సెంటీమీటర్ల డెప్త్ సరిపోతుంది. తొడ కండకు 5, 6 దాకా పెంచాలి. కండల అదురు చూసేటప్పుడు పర్సిస్టెన్స్, అంటే ఫ్రేములను కలిపి నునుపు చేసే సెట్టింగ్, బాగా తగ్గించండి. అది ఎక్కువగా ఉంటే బొమ్మ అందంగా వస్తుంది కానీ చిన్న అదురు అందులోనే కలిసిపోతుంది.

గదిలో ఏసీ ఆపేయండి, ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి. ఒళ్లు వణికితే కండ పరీక్ష చెడిపోతుంది. జెల్ చల్లగా ఉన్నా అంతే. మొత్తం పరీక్షకు ముప్పావుగంట కేటాయించుకోండి. ఓపీ మధ్యలో పది నిమిషాల్లో ముగించే పని కాదు.

2. ప్రోబ్ పెట్టేముందు

ఒంటి పరీక్ష లేకుండా నరాల అల్ట్రాసౌండ్ చేస్తే కొలతలు వస్తాయి, అర్థం రాదు. కనీసం ఇవి చూసి రాసుకోండి. కండ కరిగిన చేతిలోనే రిఫ్లెక్స్ చురుగ్గా ఉందా? ఉంటే అది ఏ.ఎల్.ఎస్. వైపు బలమైన గుర్తు. నాలుక సన్నబడిందా, నోట్లో కదలకుండా ఉంచినప్పుడు అదురుతోందా? దవడ రిఫ్లెక్స్ ఎలా ఉంది? బొటనవేలి వైపు కండ, బొటనవేలికి చూపుడువేలికి మధ్య కండ కరిగిపోయి చిటికెనవేలి వైపు కండ నిలిచి ఉందా? దీన్ని స్ప్లిట్ హ్యాండ్ అంటారు, ఏ.ఎల్.ఎస్.లో తరచుగా కనిపిస్తుంది.

వయసు అడిగి ఊరుకోకండి, జబ్బు ఎంత వేగంగా నడిచిందో అడగండి. మన దగ్గర పేషెంట్లు తేదీలు చెప్పరు, పనులు చెబుతారు. "మొన్న వరి కోతలప్పుడు కొడవలి పట్టిన, ఇప్పుడు చెంచా పట్టలేకపోతున్న" అంటే ఎన్ని నెలలో మీరే లెక్క కట్టుకోవచ్చు. కాలి చెప్పు తనకు తెలియకుండానే జారిపోతోందంటే పాదం ఎత్తే కండ బలహీనపడిందేమో చూడండి.

స్పర్శ పరీక్ష ఎంత తొందర ఉన్నా మానకండి. చర్మం మీద పాలిపోయిన, స్పర్శ లేని మచ్చలున్నాయేమో చొక్కా విప్పించి చూడండి. మోచేతి వెనక అల్నార్ నరం, చెవి కింద మెడ మీదుగా పోయే నరం, మోకాలి బయటి పక్క నరం వేళ్లతో తడమండి. ఎందుకో 5వ భాగంలో చెబుతాను.

మెడ ఎం.ఆర్.ఐ. అయిందో లేదో కనుక్కోండి. మెడ వెన్నుపాము నొక్కుకుపోతే చేతుల్లో కండ కరుగుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, చూసేవాళ్లకు ఏ.ఎల్.ఎస్. లాగే అనిపిస్తుంది. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లయితే ఈ అనుమానం ఇంకా గట్టిగా ఉండాలి. ఎముకలు మందమై వెన్నుపాముకు చోటు తగ్గుతుంది. అల్ట్రాసౌండ్‌లో వెన్నుపాము కనిపించదు, ఆ పని ఎం.ఆర్.ఐ.దే.

3. మణికట్టు నుంచి చంక దాకా

పేషెంట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి కొంచెం పక్కకు చాపి, అరచెయ్యి పైకి పెట్టించండి. మీడియన్ నరంతో మొదలుపెట్టండి. ప్రోబ్‌ను మణికట్టు ముడత మీద అడ్డంగా పెడితే నరం, స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు) రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి. ప్రోబ్‌ను ముందుకు వెనక్కు కొద్దిగా వంచండి. స్నాయువులు ఒక్కసారిగా నల్లబడి మాయమవుతాయి, నరం అంతగా మారదు. అడ్డంగా కోసిన తామరతూడు ఎలా ఉంటుందో నరం అలా కనిపిస్తుంది. లోపల నల్లటి చిన్న చిన్న గుండ్రాలు, వాటి మధ్య తెల్లటి గోడలు, చుట్టూ తెల్లటి అంచు.

ఆ తెల్లటి అంచుకు లోపలి గీత వెంట ట్రేస్ చేస్తూ వైశాల్యం కొలవండి. అంచును కలిపి కొలిస్తే ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్లు పెరిగిపోతుంది, ఈ పరీక్షలో ఆ తేడా చిన్నది కాదు. ప్రోబ్ నరానికి సరిగ్గా నిలువుగా ఉండాలి, ఏటవాలుగా ఉంటే గుండ్రం కోడిగుడ్డు ఆకారమై కొలత పెరుగుతుంది. చేత్తో నొక్కకండి. ప్రతి చోటా మూడుసార్లు కొలిచి సగటు రాయండి. నేర్చుకునే రోజుల్లో ఒకే చోట మూడు కొలతలు మూడు రకాలుగా వస్తున్నాయంటే ప్రోబ్ కోణం కుదరడం లేదని అర్థం.

ఇక నరాన్ని స్క్రీన్ మధ్యలో ఉంచుకుంటూ నెమ్మదిగా పైకి జరపండి. ముంజేతి మధ్యలో అది రెండు కండల పొరల మధ్య ఇమిడి ఉంటుంది, అంచులు స్పష్టంగా తెలుస్తాయి, కొలతకు మంచి చోటు. మోచేతి మడత దగ్గర బ్రేకియల్ ధమని పక్కకు చేరుతుంది. అక్కడి నుంచి చంక దాకా ధమనిని గుర్తుగా పెట్టుకొని వెళ్లండి, కలర్ డాప్లర్ వేస్తే ధమని వెలుగుతుంది కాబట్టి తడబాటు ఉండదు. మోచేతికి, చంకకు మధ్య సగం దూరంలో ఇంకో కొలత. దారిలో ఎక్కడైనా నరం ఉబ్బినట్టు కనిపిస్తే నియమం ప్రకారం కొలిచే చోట్లతో పని లేకుండా ఆగి, అక్కడా కొలిచి, చర్మం మీది గుర్తులను బట్టి దూరం రాయండి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి పేరులోనే ఉంది కదా, నరంలో అక్కడక్కడా విడివిడిగా వస్తుంది. నాలుగు చోట్ల కొలిచి వదిలేస్తే ఐదో చోట ఉన్న ఉబ్బు దొరకదు.

అల్నార్ నరం కూడా ఇలాగే, మణికట్టు దగ్గర ధమని పక్కన పట్టుకొని చంక దాకా వెళ్లండి. రెండు చేతులూ చూడండి. జబ్బు లేనట్టు కనిపించే చేతిలో కూడా నరం లావుగా ఉండొచ్చు, అప్పుడు ఆ చెయ్యి చెప్పే సాక్ష్యం ఇంకా విలువైనది.

మణికట్టు దగ్గర మీడియన్, మోచేతి దగ్గర అల్నార్ లావుగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ రెండు చోట్లా నరం ఇరుకు దారిలో వెళ్తుంది, నొక్కుకొని ఉబ్బుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో, ఏళ్ల తరబడి చేతులతో ఒకే పని చేసేవాళ్లలో ఇది మామూలే. పూర్తి చిత్రంలో ఈ రెండు చోట్ల కొలతలను సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోకండి, విడిగా రాసి పెట్టండి.

4. మెడ దగ్గర

ఎక్కువమంది మోచేతితో ఆపేస్తారు. అసలు విషయం మాత్రం చాలాసార్లు మెడలోనే దొరుకుతుంది, ఎందుకంటే మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతిలో బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) ఉబ్బడం తరచుగా కనిపిస్తుంది, అక్కడ నరాల కరెంటు పరీక్ష చేయడం కష్టం.

పేషెంట్ తల అవతలి వైపు తిప్పించండి. కాలర్ ఎముక పైన ప్రోబ్ పెడితే సబ్‌క్లావియన్ ధమని కొట్టుకుంటూ కనిపిస్తుంది, దాని బయటి వైపు నల్లటి గుండ్రాల గుత్తి ఉంటుంది, అదే ప్లెక్సస్. అక్కడి నుంచి నెమ్మదిగా పైకి జరిపితే రెండు స్కేలీన్ కండల మధ్య ఆ గుండ్రాలు ఒకదాని కింద ఒకటి వరసగా నిలుస్తాయి. ఇవి ట్రంకులు. ఇంకా పైకి వెళ్తే ఒక్కోటి ఒక్కో వెన్నుపూస వైపు వెళ్లిపోతుంది, అవి మూలాలు.

ఏది ఏ మూలమో గుర్తుపట్టడం ఇలా. ఆరో వెన్నుపూస పక్క ఎముకకు ముందొకటి, వెనకొకటి రెండు బుడిపెలు ఉంటాయి, ముందుది పెద్దది, నరం ఆ రెండింటి మధ్య కూర్చుంటుంది. ఏడో దానికి వెనక బుడిపె మాత్రమే ఉంటుంది. ఏడు దొరికితే పైకి లెక్కపెట్టుకుంటూ ఆరు, ఐదు మూలాలు తేలిపోతాయి. ఏడో మూలం దగ్గర వెర్టిబ్రల్ ధమని ఉంటుంది, డాప్లర్ వేసి చూడకుండా నల్లటి గుండ్రం కనిపించగానే నరమే అనుకోవద్దు. ఎముక నుంచి బయటికొచ్చిన వెంటనే మూలం వైశాల్యం కొలవండి.

ఇప్పుడు అంకెల సంగతి. సి.ఐ.డి.పి. (నరాల పైతొడుగు దెబ్బతినే దీర్ఘకాలిక జబ్బు) నిర్ధారణ కోసం 2021లో యూరప్ నాడీవైద్య సంఘం, పెరిఫెరల్ నర్వ్ సొసైటీ కలిసి ఇచ్చిన హద్దులు ఇవి: మీడియన్ నరం ముంజేతిలో 10, పై చేతిలో 13, మెడలో ట్రంకుల దగ్గర 9, మూలాల దగ్గర 12 చదరపు మిల్లీమీటర్లు. కనీసం రెండు చోట్ల ఈ హద్దు దాటాలి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతిని వెతికేటప్పుడూ ఇవే హద్దులు పనికొస్తాయి. కానీ అవి ఆ దేశాల ఒంటి కొలతల మీద తయారైన అంకెలు. మన దగ్గర మనుషులు సన్నగా, పొట్టిగా ఉంటారు. అందుకని మీ ఆసుపత్రిలో ఆరోగ్యంగా ఉన్న ఒక 30 మందిని, వేర్వేరు వయసుల వాళ్లను, మీ మెషీన్ మీద మీ చేత్తో కొలిచి సొంత పట్టిక తయారు చేసుకోండి. పీజీలకు ఇంతకన్నా మంచి అభ్యాసం లేదు.

ఏ.ఎల్.ఎస్.లో నరాలు మామూలుగా ఉంటాయి, లేదా కొంచెం సన్నబడతాయి. మోటార్ తంతువులు చనిపోతున్నాయి కాబట్టి మెడ మూలాలు, పై చేతి మీడియన్ సగటున చిన్నవి అవుతాయని అధ్యయనాలు చూపించాయి. కానీ ఆరోగ్యవంతుల కొలతలతో ఇవి బాగా కలగలిసిపోతాయి. అందుకే నరం సన్నగా ఉందన్న ఒక్క మాటతో ఏ.ఎల్.ఎస్. అని రాయొద్దు. లావుగా ఉంటేనే అది మిమ్మల్ని ఆపి ఆలోచింపజేయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం, పూర్తిగా ఊహించిందే. సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద పనిచేసే 42 ఏళ్ల మనిషి అనుకోండి. మూడేళ్లుగా కుడిచేతి వేళ్లు పైకి లేవడం లేదు, దారం ముడి వేయలేకపోతున్నాడు. ముంజేతి కండ అదురుతోంది. తిమ్మిరి లేదు, నాలుక బాగుంది, రిఫ్లెక్స్‌లు ఆ చేతిలో తగ్గాయి. చేతిలో ఎం.ఎన్.డి. చీటీ. మీరు చూస్తే మీడియన్ మణికట్టు దగ్గర 9, ముంజేతిలో 11, పై చేతిలో 19, ఆరో మూలం 18. ఎడమ పై చెయ్యి కూడా 15. ఇక్కడ ఆగాలి. మూడేళ్ల నెమ్మది నడక, తగ్గిన రిఫ్లెక్స్‌లు, లావెక్కిన నరాలు, మూడూ మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి వైపే చూపిస్తున్నాయి. ఈ మనిషికి నరాల కరెంటు పరీక్ష మళ్లీ చేయించాలి, ఈసారి చంకలోనూ మెడ దగ్గరా ప్రేరణ ఇచ్చి కండక్షన్ బ్లాక్, అంటే నరంలో కరెంటు దారిలో ఆగిపోయే చోటు, కోసం వెతకాలి. రక్తంలో ఐజీఎం రకం జీఎం1 యాంటీబాడీ చూడాలి. అది సుమారు సగం మందిలోనే ఉంటుంది, లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ మొదటి మోతాదు కిలో బరువుకు 2 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 120 గ్రాములు. ఖర్చు చాలా ఎక్కువ, ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ అవసరం పడుతుంది. అయినా ఆ చెయ్యి తిరిగి మగ్గం మీద పడే అవకాశం ఉంది. ఒక హెచ్చరిక: ఈ జబ్బుకు స్టెరాయిడ్లు పనిచేయవు, కొందరిలో బలహీనత పెంచుతాయి కూడా. అనుమానంతో ముందు స్టెరాయిడ్ ఇచ్చి చూద్దామనే అలవాటు ఇక్కడ వద్దు.

5. కుష్ఠును మరచిపోకండి

జాతీయ స్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2005లో మన దేశం ప్రకటించింది. కానీ ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ భారతదేశంలోనే. చర్మం మీద మచ్చ లేకుండా నరాలకే పరిమితమయ్యే రకం కూడా ఉంది. చిటికెనవేలు వంకరపోయి, చేతి కండ కరిగి వచ్చిన మనిషికి స్పర్శ సరిగా చూడకపోతే ఎం.ఎన్.డి. అన్న చీటీ పడే ప్రమాదం ఉంది.

అల్ట్రాసౌండ్‌లో కుష్ఠు నరం తీరే వేరు. అల్నార్ నరం మోచేతి ఎముక బుడిపెకు సరిగ్గా వెనక కంటే, దానికి కొన్ని సెంటీమీటర్ల పైన ఎక్కువగా ఉబ్బుతుంది. మామూలు నొక్కుడు వల్ల ఉబ్బే చోటు బుడిపె దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ తేడా పనికొస్తుంది. లోపలి గుండ్రాల అల్లిక చెరిగిపోయి, నరమంతా ఒకే నల్లటి ముద్దలా కనిపించొచ్చు. కలర్ డాప్లర్ వేసినప్పుడు నరం లోపల రక్తప్రవాహం మెరిస్తే రియాక్షన్, అంటే కుష్ఠులో నరం ఉన్నట్టుండి వాచే దశ, నడుస్తోందని అనుమానించాలి. మామూలు నరంలో అది కనిపించదు. రియాక్షన్‌లో త్వరగా వైద్యం మొదలుపెడితే చెయ్యి నిలుస్తుంది, ఆలస్యమైతే నిలవదు. కుష్ఠు మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఈ ఒక్క పరీక్ష కోసమైనా మోచేతి పైన పది సెంటీమీటర్లు చూడటం మానకండి.

6. కండల అదురు వెతకడం

నరాలు చూశాక అదే ప్రోబ్‌తో కండలు చూడండి. సూది పరీక్షలో సూది మొన చుట్టూ ఉన్న కొంచెం చోటే తెలుస్తుంది. అల్ట్రాసౌండ్‌లో కండ మొత్తం ఒక్కసారి స్క్రీన్ మీద ఉంటుంది. అందుకే అదురును పట్టడంలో ఇది సూది కంటే ముందుంటుంది, పైగా నొప్పి లేదు. నాలుకలో, వెన్ను కండల్లో సూది గుచ్చాలంటే భయపడే పేషెంట్లు దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు.

ఎక్కడెక్కడ చూడాలి? నాలుక, పై చేతి ముందు కండ, బొటనవేలు చూపుడువేలు మధ్య కండ, ఛాతీ వెనక వెన్ను కండలు, తొడ ముందు కండ, పాదం ఎత్తే కండ. రెండు వైపులా. ప్రతి చోటా ప్రోబ్ అడ్డంగా పెట్టి, కదపకుండా, కనీసం 30 సెకన్లు ఆగండి. ఏమీ కనిపించకపోతే ఒక నిమిషం దాకా చూడండి. చాలామంది పది సెకన్లకే ప్రోబ్ ఎత్తేస్తారు, అదురు ఆ తర్వాతే వస్తుంది.

నిజమైన అదురు ఎలా ఉంటుందంటే, కండలో ఒక చిన్న భాగం ఉన్నట్టుండి మెలితిరిగినట్టు కదిలి, సెకను లోపే మళ్లీ నిలుస్తుంది. లయ ఉండదు, తర్వాత ఎప్పుడు వస్తుందో చెప్పలేం. లయగా కొట్టుకుంటే అది ధమని. కండ మొత్తం కదిలితే పేషెంట్ తెలియకుండా బిగించినట్టు. శ్వాసతో కలిసి ఊగితే అది శ్వాసే. అనుమానం ఉంటే ఎం-మోడ్ (ఒకే గీత వెంట కదలికను కాలంతో పాటు చూపే సెట్టింగ్) గీత వేయండి, అదురు వచ్చిన చోట ఒక పదునైన మెట్టు కనిపిస్తుంది. స్టిల్ బొమ్మ దాచుకోవడం వల్ల ఉపయోగం లేదు, వీడియో క్లిప్ దాచండి.

నాలుక గురించి కొంచెం వివరంగా. గడ్డం కింద ప్రోబ్ అడ్డంగా పెట్టండి. నాలుక బయటికి చాపమని చెప్పకండి, చాపగానే ఎవరి నాలుకైనా వణుకుతుంది. నోరు కొద్దిగా మూసి, నాలుకను నోటి అడుగున వదులుగా వదిలేయమనండి. పేషెంట్ మింగితే ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. మాట ముద్దగా వస్తున్న మనిషిలో నాలుక కండ లోపల అక్కడక్కడా ఆగకుండా పురుగు కదిలినట్టు కదలడం కనిపిస్తే, తలభాగంలో కింది మోటార్ న్యూరాన్ (నేరుగా కండకు వెళ్లే నాడీకణం) దెబ్బతిందనడానికి అది మంచి ఆధారం.

ఆరోగ్యవంతుల పిక్కల్లో, పాదాల్లో అదురు మామూలే. టెన్షన్, నిద్రలేమి, ఎక్కువ టీ, బాగా అలసట, అన్నీ పెంచుతాయి. కండల అదురు గురించి ఫోన్‌లో చదివి ఏ.ఎల్.ఎస్. అని వణికిపోతూ వచ్చే కుర్రాళ్లను నేను తరచుగా చూస్తుంటాను. వాళ్లకు బలం తగ్గలేదు, కండ కరగలేదు. అల్ట్రాసౌండ్‌లో పిక్కల్లో తప్ప ఎక్కడా అదురు లేదని స్క్రీన్ మీద చూపించి చెబితే వాళ్ల గుండె కుదుటపడుతుంది. ఇక్కడే ఇంకో మాట: మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతిలోనూ అదురు ఉంటుంది. అదురు ఒక్కటే చూసి నరం చూడకపోతే సగం పరీక్ష చేసినట్టే.

కండ ఎంత తెల్లబడిందో కూడా రాయండి. దీనికి 1982 నుంచి వాడుకలో ఉన్న హెక్‌మట్ స్కేలు ఉంది. 1 అంటే మామూలు కండ. 2 అంటే కండ తెల్లబడింది కానీ కింది ఎముక గీత స్పష్టం. 3 అంటే బాగా తెల్లబడి ఎముక మసకబారింది. 4 అంటే ఎముక కనిపించనే కనిపించదు. ముసలివాళ్లలో, లావుపాటి వాళ్లలో కండ సహజంగానే కొంత తెల్లగా ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

7. డయాఫ్రమ్

డయాఫ్రమ్ అంటే ఊపిరి పీల్చే ప్రధాన కండ. జబ్బు ఏదో చెప్పడానికి ఈ పరీక్ష పనికిరాదు, కానీ మనిషిని కాపాడటానికి పనికొస్తుంది. కుడివైపు, చంక ముందు గీత మీద, 8 లేదా 9వ పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టండి. రెండు తెల్లటి గీతల మధ్య నల్లటి పట్టీ డయాఫ్రమ్. ఊపిరి పూర్తిగా వదిలాక మందం, గట్టిగా పీల్చాక మందం కొలవండి. వదిలాక 1.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, పీల్చినప్పుడు 20 శాతం కూడా మందం పెరగకపోయినా డయాఫ్రమ్ బలహీనంగా ఉందని అర్థం. మూతికి స్పైరోమీటర్ గట్టిగా బిగించలేని పేషెంట్లలో ఇది మరీ ముఖ్యం. రాత్రి సరిగా నిద్రపట్టక, పొద్దున తలనొప్పితో లేస్తున్నారంటే బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మెషీన్) గురించి అప్పుడే మాట్లాడాలి.

8. అన్నీ కలిపి చూడటం

2020లో ప్రచురించిన గోల్డ్ కోస్ట్ నియమాల ప్రకారం ఏ.ఎల్.ఎస్. అనాలంటే మూడు కావాలి. మొదటిది, అంతకు ముందు బాగున్న మనిషిలో బలహీనత పెరుగుతూ పోవడం. రెండోది, ఒంట్లో కనీసం ఒక భాగంలో పై (మెదడు నుంచి దిగే), కింది మోటార్ న్యూరాన్లు రెండింటి గుర్తులు, లేదా కనీసం రెండు భాగాల్లో కింది న్యూరాన్ గుర్తులు. మూడోది, ఇతర జబ్బులు కావని పరీక్షలతో తేల్చుకోవడం. నరాల అల్ట్రాసౌండ్ ఈ మూడోదానికి, కండల అల్ట్రాసౌండ్ రెండోదానికి తోడ్పడతాయి. అదురు ఎక్కడ కనిపించిందో ఈ.ఎం.జి. చేసేవాళ్లకు రాసిస్తే సూది అక్కడే పెట్టొచ్చు, పదిచోట్ల గుచ్చే బాధ తప్పుతుంది.

నరాలు లావుగా లేవు, అదురు ఎక్కువ చోట్ల లేదు, అయినా చేతి కండ కరిగింది. ఇలాంటివారిలో తొందరపడొద్దు. 15 నుంచి 25 ఏళ్ల కుర్రాడిలో ఒక చేతి ముంజేతి కండ మాత్రమే కరిగి, కొన్నేళ్లకు అక్కడితో ఆగిపోతే హిరయామా జబ్బు అనుకోవాలి. 1959లో జపాన్‌లో తొలిసారి వర్ణించారు, మన దేశంలో తక్కువేమీ కాదు. మెడ ముందుకు వంచి తీసే ఎం.ఆర్.ఐ. దీన్ని బయటపెడుతుంది, మామూలు ఎం.ఆర్.ఐ.లో తప్పిపోవచ్చు. చిన్న వయసులోనే మాట, ముఖం బలహీనపడి చెవుడు కూడా ఉంటే దక్షిణాదిలో వర్ణించిన మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి గుర్తుకు రావాలి. అది ఏ.ఎల్.ఎస్. కంటే చాలా నెమ్మదిగా నడుస్తుంది.

9. రిపోర్టు, మాట

రిపోర్టులో మెషీన్ పేరు, ప్రోబ్ ఫ్రీక్వెన్సీ, ప్రతి చోటు కొలత కుడి ఎడమలు విడివిడిగా, ఇరుకు చోట్ల కొలతలు వేరుగా, అదురు కనిపించిన కండలు, ఎంతసేపు చూశారో, కండ గ్రేడు రాయండి. చివర ఒక వాక్యంలో మీ అభిప్రాయం: "నరాలు ఎక్కడా లావెక్కలేదు, నాలుకలో, రెండు చేతుల్లో, ఎడమ తొడలో అదురు ఉంది" అన్నట్టు. జబ్బు పేరు అల్ట్రాసౌండ్ రిపోర్టులో రాయకండి, అది అన్ని పరీక్షలూ చూసే డాక్టర్ రాయాలి.

పరీక్ష జరుగుతుండగా ఇంటివాళ్లు తప్పకుండా అడుగుతారు. "సారూ, నరం సచ్చిపోయిందా? మళ్ల నడుస్తడా?" అని ఇంటి పెద్దావిడ ఎవరైనా అడిగినప్పుడు స్క్రీన్ వంక చూస్తూ ఏదో ఒకటి అనేయకండి. "అమ్మా, నేను నరాలు ఎంత లావున్నయో కొలుస్తున్న. ఇంకా రెండు పరీక్షలున్నయి. అన్నీ వచ్చినంక కూసోబెట్టి చెప్తం" అనండి. ఆ మాట నిలబెట్టుకోండి కూడా. ఓపీ వరండాలో నిలబెట్టి చెప్పే వార్త కాదిది, ఇంటి పెద్దలను పిలిచి, కుర్చీలు వేసి, తలుపు వేసి చెప్పాలి.

క్లిప్పులు, కొలతలు పెన్‌డ్రైవ్‌లోనో సీడీలోనో వేసి రిపోర్టుతో పాటు పేషెంట్ చేతికే ఇవ్వండి. ఆరు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ చూసినా పోల్చుకోవచ్చు. అనుమానం తీరని పేషెంట్‌ను మీరే మూడు నెలలకు మళ్లీ పిలిచి, అదే మెషీన్ మీద, అదే చోట్ల కొలవండి.